పిల్లల కర్ణాటక సంగీత పోటీని శ్రోతగా ఎలా వినాలి: నంబరు పిలుపు నుంచి ఫలితాల దాకా

పోటీ మొదలైన ఉదయం హాలు నిండుగా ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండు దాటేసరికి సగం కుర్చీలు ఖాళీ. వచ్చినవాళ్లలో ఎక్కువమంది తల్లిదండ్రులే కాబట్టి, తమ బిడ్డ పాడగానే తంబూరా సంచీ, నీళ్ల సీసా సర్దుకుని బయటికి వెళ్లిపోతారు. పద్దెనిమిదో నంబరు పిల్లాడు వేదిక ఎక్కేటప్పటికి ఎదురుగా మిగిలేది ముగ్గురు న్యాయనిర్ణేతలు, మైకు చూసుకునే అబ్బాయి, తమ వంతు కోసం చేతులు నలుపుకుంటున్న మరో ఐదారుగురు పిల్లలు.

ఆ పిల్లాడికి ఒక శ్రోత కావాలి. పోటీలో తన మనిషి లేని, మార్కులతో పని లేని, పాట కోసమే కూర్చున్న శ్రోత. ఇరవై ఏళ్లుగా వీలు దొరికినప్పుడల్లా ఇలాంటి పోటీలకు వెళ్లి కూర్చుంటున్నాను. సంగీతం నేర్చుకోని వాళ్లు కూడా ఆ శ్రోత కాగలరని నా నమ్మకం. అందులోనూ తెలుగు వచ్చినవాళ్ల చేతిలో ఒక పనిముట్టు ముందే ఉంది, దాని సంగతి కిందే చెబుతాను.

మొదటి పని: ఏ విభాగానికి వెళ్లాలో తేల్చుకోండి

నియమావళి కాగితం ముందే సంపాదించండి. నిర్వాహకుల్ని అడిగితే ఇస్తారు. సాధారణంగా చిన్నపిల్లల విభాగంలో వర్ణం (స్వరాలూ మాటలూ కలిసిన సాధన పాట), ఒకటి రెండు కీర్తనలు ఉంటాయి. పెద్దపిల్లల విభాగంలో వీటికి మాటలు లేకుండా రాగాన్ని పరిచే రాగాలాపన, ఒక పాదాన్ని రకరకాలుగా పాడే నెరవల్, సరిగమలను అప్పటికప్పుడు అల్లే స్వరకల్పన తోడవుతాయి. ఆకాశవాణి జరిపే సంగీత పోటీలకు వయసు 16 నుంచి 24 ఏళ్లు. చాలా సభల్లో సీనియర్ విభాగం కూడా దాదాపు ఈ వయసు వాళ్లదే.

కొత్తగా వెళ్తున్నవాళ్లు ఒక పూట చిన్నపిల్లల విభాగంలో కూర్చోవడం మంచిది. కట్టుబడి ఉన్న పాట ఎలా ఉంటుందో చెవికి పడితే, సీనియర్లు అప్పటికప్పుడు అల్లేది విన్నప్పుడు తేడా తెలుస్తుంది. విభాగం ఎంచుకున్నాక మొదటి నంబరు నుంచి చివరి నంబరు దాకా అక్కడే ఉండండి. ఈ గదిలో ఇద్దర్నీ ఆ గదిలో ముగ్గుర్నీ వింటే ఎవరి పాటా చెవిలో నిలవదు.

కాగితంలో కృతుల (కీర్తనల) జాబితా ఉంటే అందులో రెండింటిని ముందురోజు రాత్రి ఇంట్లో పెద్ద విద్వాంసుల గొంతులో వినండి. రెండు చాలు. పది వింటే అన్నీ కలగాపులగం అవుతాయి.

కూర్చునే చోటు

నాలుగో వరుసో ఐదో వరుసో మంచిది. స్పీకరు ముందు వద్దు, దాని మోతలో గొంతులోని సన్నని వణుకు, గమకం (స్వరాన్ని ఊపుతూ పలికించడం) కలిసిపోతాయి. న్యాయనిర్ణేతల వెనక అసలే వద్దు. వాళ్ల కలం కదిలినప్పుడల్లా ఏం రాశారా అని మీ ధ్యాస అటే పోతుంది.

వీణ విభాగానికి వెళ్తే మనకు కుడివైపు కూర్చోండి. వాయించేవాళ్ల ఎడమచెయ్యి అటువైపు వస్తుంది. ఇరవై నాలుగు మెట్ల మీద వేళ్లు జారడం, ఒకే మెట్టు మీద తీగను పక్కకు లాగి గమకం తీయడం కంటికి కనిపిస్తాయి. గాత్రం పోటీలో పక్కవాద్యాలు ఉంటే వయొలిన్ సాధారణంగా మనకు కుడివైపు, మృదంగం ఎడమవైపు ఉంటాయి. పాడే పిల్ల వయొలిన్ వైపు ఎన్నిసార్లు చూస్తుందో గమనించండి. అది తర్వాత పనికొస్తుంది.

మొదటి నిమిషం శ్రుతిది

వేదిక మీద కూర్చోగానే పిల్లలు శ్రుతి, అంటే పాటకు ఆధారంగా మోగే స్వరం, పెట్టుకుంటారు. ఆడపిల్లలైతే మామూలుగా ఐదు, ఐదున్నర, ఆరు శ్రుతుల్లో (అంకె పెరిగితే ఎత్తు పెరిగినట్టు), గొంతు మారిన మగపిల్లలైతే ఒకటి, ఒకటిన్నర దగ్గర. ఆ ధ్వని మొదలైన క్షణం నుంచి మీరూ మనసులో ‘స’ పట్టుకోండి. పెదవులు కదలనక్కర్లేదు. పాట ఎటు తిరిగినా ఆ ‘స’ మీ దగ్గరే ఉండాలి.

ఇక మూడు చోట్ల చెవి పెట్టండి. ఒకటి, పంచమం (‘ప’) మీద ఆగినప్పుడు. గొంతు తంబూరాలో కలిసిపోయి, ఏది పిల్ల గొంతో ఏది తంబూరానో ఒక్క క్షణం తెలియకపోతే శ్రుతి కుదిరినట్టే. రెండు, తారస్థాయి షడ్జం (పై ‘స’). భయపడ్డ గొంతు అక్కడ వెంట్రుకవాసి కిందే ఆగిపోతుంది. మూడోది ఎక్కువమంది పట్టించుకోనిది: మంద్రస్థాయి, అంటే కింది స్వరాలు. పైకి ఎక్కడం చాలామంది సాధన చేస్తారు. కిందికి దిగినప్పుడు గొంతులో ఉత్త గాలే మిగలకుండా స్వరం నిలబెట్టడం ఎక్కువ కాలం నేర్చుకున్నవాళ్లకే వస్తుంది.

కొన్నేళ్ల కిందట ఒక పోటీలో పన్నెండో నంబరు పిల్ల ఖరహరప్రియ ఆలాపన చేస్తోంది. పదహారేళ్లుంటాయేమో. తంబూరా యాప్ ఉన్న ఫోనుకు ఎవరో ఫోన్ చేశారు, శ్రుతి ఠక్కున ఆగిపోయింది. ఆ పిల్ల కళ్లు తెరవలేదు. వాళ్ల నాన్నగారు వేదిక మీదికి వెళ్లి మళ్లీ మోగించేసరికి నిమిషం పైనే పట్టింది. శ్రుతి తిరిగి వచ్చినప్పుడు ఆ పిల్ల పంచమం మీద ఉంది, ఆ పంచమం సరిగ్గా దాని చోటే ఉంది. హాల్లో చప్పట్లు లేవు, ఎందుకంటే చాలామందికి ఏం జరిగిందో తెలియలేదు. శ్రుతి వినడం అలవాటైతే ఇలాంటివి మీకు దొరుకుతాయి.

పదమూడు పదిహేనేళ్ల మగపిల్లల విషయంలో ఒక్క మాట. గొంతు మారే వయసు అది. నిరుడు ఐదు శ్రుతిలో గంటలా పాడిన పిల్లాడు ఈ ఏడు మూడింటికి దిగి, అక్కడా నిలకడ లేక అవస్థ పడుతుంటాడు. ‘నిరుడే బాగుంది’ అనుకోకండి, దయచేసి వాడికి వినబడేలా అనకండి. ఆ దశలో పాట మానకుండా వేదిక ఎక్కడమే గొప్ప.

తాళం మీ ఒళ్లోనే వేయండి

ఆదితాళం ఎనిమిది అక్షరాలు: ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్యవేలు, తర్వాత రెండుసార్లు దెబ్బ, విసుర్పు. మిశ్రచాపు ఏడు, ‘తకిట తకధిమి’. ఖండచాపు ఐదు, ‘తక తకిట’. ఈ మూడూ చేతికి వస్తే పోటీలో వినబడే పాటల్లో ఎక్కువ భాగానికి సరిపోతుంది. ఒళ్లో, చప్పుడు లేకుండా వేయండి. తొడ మీద దెబ్బ పైకి వినబడితే వేదిక మీది పిల్ల మీ తాళానికి లాగబడుతుంది. అంతకన్నా పెద్ద అపకారం లేదు.

తాళం వేస్తుంటే రెండు విషయాలు బయటపడతాయి. ఒకటి కాలం పరుగెత్తడం. పల్లవి మొదట్లో మీ చెయ్యి ఏ నడకలో ఉందో గుర్తుపెట్టుకుని చరణంలో సరిచూడండి. కంగారు పడ్డ పిల్లల పాటంతా కొంచెం కొంచెంగా వేగం పుంజుకుంటుంది, వాళ్లకు తెలియదు. రెండోది వర్ణం రెండు కాలాల్లో పాడినప్పుడు. చేతి వేగం మారకూడదు, పాట మాత్రం సరిగ్గా రెట్టింపు కావాలి. రెండో కాలంలో స్వరాలు మింగకుండా ప్రతి అక్షరమూ వినబడేలా పాడిన పిల్ల ఎన్ని ఉదయాలు సాధన చేసిందో ఆ రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

ఎత్తుగడ కూడా చూడండి. పాట తాళం మొదటి దెబ్బ మీదే ఎత్తుకోవాలని లేదు, అర అక్షరమో ఒకటిన్నర అక్షరమో ఆగి ఎత్తుకునేవి చాలా ఉన్నాయి. స్వరకల్పన ముగించి మళ్లీ పల్లవిని సరిగ్గా ఆ చోట అందుకోవడం పిల్లలకు పెద్ద పరీక్ష.

తెలుగు చెవి: అందరికీ లేని పనిముట్టు

ఈ పిల్లలు పాడేవాటిలో ఎక్కువ భాగం తెలుగే. త్యాగరాజస్వామి (1767–1847) కావేరి ఒడ్డున తిరువయ్యూరులో బతికి తెలుగులో రాశారు. అందుకే చెన్నైలో, అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో, ఎక్కడ పోటీ జరిగినా వేదిక మీద వినబడేది ఎక్కువగా మన మాటే. స్వరస్థానం పోల్చలేని తెలుగు శ్రోత కూడా మాట విరిగిన చోటు ఇట్టే పట్టగలడు.

మోహనంలో ‘నను పాలింప నడచి వచ్చితివో’ తీసుకోండి. రాముడు తనంత తానుగా, నడిచి, తన ఇంటికి వచ్చాడే అన్న ఆశ్చర్యం ఆ మాటల్లో ఉంది. ‘నడ’ దగ్గర ఊపిరి పీల్చి ‘చివచ్చితివో’ అని అందుకుంటే రాగం చెడదు, తాళం చెడదు, ఆ ఆశ్చర్యం మాత్రం పోతుంది. ఒక పిల్ల ఎక్కడ ఊపిరి తీసుకుంటోందో గమనిస్తే ఆమెకు మాట తెలుసా, కేవలం వరస తెలుసా అన్నది అర్థమవుతుంది.

అయితే విరిగిన ప్రతి మాటా పిల్లల తప్పు కాదు. కల్యాణిలో, మిశ్రచాపులో ఉన్న ‘నిధి చాల సుఖమా’ చరణం ‘దమ శమమను గంగా స్నానము సుఖమా’ అని మొదలవుతుంది. దాని తర్వాతి మాట ‘కర్దమ దుర్విషయ కూప స్నానము సుఖమా’. కర్దమం అంటే బురద. పై పాదంలో ‘దమ’తో ప్రాస కుదరాలంటే కింద ‘కర్దమ’లోని ‘దమ’ పాదం మొదట్లో పడాలి, అప్పుడు ‘కర్’ ముందు పాదం చివరికి జరుగుతుంది. ఇంద్రియనిగ్రహానికి ‘దమ’, బురదకు ‘కర్దమ’, ఒకే చప్పుడులో గంగ ఒకవైపు, బురద నుయ్యి ఒకవైపు. అక్కడ విరుపు కవిది. దాన్ని పిల్ల ఎలా దాటుతుందో వినడం నాకు మహా ఇష్టం. ఎరిగిన పిల్ల ‘కర్’ని నొక్కకుండా సన్నగా వదిలి ‘దమ’ను అందుకుంటుంది, మాట వినేవాళ్ల మనసులో అతుక్కుంటుంది.

ఆ చరణంలోనే ‘మమత బంధనయుత నరస్తుతి సుఖమా’ అన్న పాదం నెరవల్‌కు ప్రసిద్ధం. నెరవల్ అంటే అదే సాహిత్యాన్ని, మాటలు వాటి తాళస్థానాల నుంచి పెద్దగా కదలకుండా, కొత్త కొత్త సంగతుల్లో (స్వరాల మలుపుల్లో) పరచడం. ఇక్కడ తెలుగు శ్రోత చూడాల్సింది ఒకటే: పిల్ల ‘నరస్తుతి’ దగ్గర ఏం చేస్తోంది? డబ్బున్న మనుషుల్ని పొగిడి బతకడం సుఖమా అన్న ప్రశ్న అది. ఆ ‘సుఖమా’ ప్రశ్నలా వినబడితే, ఆ పిల్లకు ఎవరో అర్థం చెప్పి నేర్పారన్నమాట. ఆ గురువుకు మనసులో ఒక నమస్కారం పెట్టండి.

ఉచ్చారణ విషయంలో తొందరపడి తీర్పు చెప్పొద్దు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు అక్షరం ఒకటే. ఆ లిపిలో పాట రాసుకున్న పిల్లకు ఏది ‘క’, ఏది ‘గ’ అన్నది గురువు నోటి నుంచి మాత్రమే తెలియాలి. అమెరికాలో పెరిగిన మన పిల్లలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటారు, దాంట్లో హ్రస్వం దీర్ఘం, ల ళ, న ణ, ద డ ఒకటైపోతాయి. క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి ఏటా జరుగుతున్న త్యాగరాజ ఆరాధనోత్సవంలోని పోటీలకు అలాంటి పిల్లలు ఏడాది పొడవునా తయారవుతారు. వాళ్ల నోట ‘ళ’ సరిగ్గా పలికిందంటే ఎవరో దగ్గర కూర్చుని వందసార్లు పలికించారని అర్థం. ఇక తెలుగు గడ్డ మీద పుట్టి పెరిగిన పిల్లలు ‘శ’నూ ‘ష’నూ ‘స’గా మార్చి పాడితే నాకు బాధే. ఆ మాట అక్కడికక్కడ ఎవరితోనూ అనను, పుస్తకంలో రాసుకుంటాను.

వాద్యం మీద మాట వినబడుతుందా?

వీణ, వయొలిన్, వేణువు విభాగాల్లో సాహిత్యంతో పనేముందని అనుకుంటాం. ఉంది. వీణలో మీటు ఎక్కడ పడుతోందో వినండి. సాహిత్యాక్షరం ఉన్న చోట మీటి, దీర్ఘాన్ని ఆ ఒక్క మీటులోనే సాగదీస్తే వీణ మాట్లాడినట్టు ఉంటుంది. ప్రతి స్వరానికీ మీటితే స్వరాలు మిగులుతాయి, పాట మిగలదు. వయొలిన్‌లో కమాను తిప్పే చోటు, వేణువులో ఊపిరి తీసుకునే చోటు కూడా అంతే, మాటకూ మాటకూ మధ్య పడాలి. మీకు తెలిసిన కృతి అయితే మనసులో మాటలు పెట్టుకుని వినండి, తేడా చప్పున తెలుస్తుంది.

వయొలిన్ పక్కవాద్యంగా వెనక ఉండే రోజుల్లో దాన్ని ఒంటరిగా కచేరీ చేసే స్థాయికి తెచ్చినవాళ్లలో ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) మనవారు. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో పాఠం చెప్పారు. వయొలిన్ సోలో విభాగంలో కూర్చున్నప్పుడల్లా ఆయన నాకు గుర్తొస్తారు.

సీనియర్ల విభాగం: అప్పటికప్పుడు అల్లేది

ఇక్కడ న్యాయనిర్ణేతలు రాగం అడుగుతారు. మంచి న్యాయనిర్ణేత అడిగే ప్రశ్న వినడమే ఒక పాఠం. ఆరభి, దేవగాంధారి రాగాల ఆరోహణ అవరోహణలు (స్వరాలు పైకెక్కే, కిందికి దిగే వరసలు) ఒకటే. కాగితం మీద రాస్తే తేడా కనబడదు. ఆరభి చురుగ్గా, సూటిగా నడుస్తుంది. దేవగాంధారి నెమ్మదిగా, స్వరాన్ని పట్టుకుని ఊగుతూ, ఆగి ఆగి సాగుతుంది. ఈ రెంటినీ పక్కపక్కన పాడమన్నప్పుడు స్వరాలు బట్టీ పట్టిన పిల్ల తడబడుతుంది, రాగాన్ని విని పెరిగిన పిల్లకు ముఖమే వెలుగుతుంది.

ఆలాపన మొదటి పలుకు విని రాగం పోల్చగలిగితే సగం గెలిచినట్టే అంటారు పెద్దలు. మీకు రాగాల పేర్లు రాకపోయినా ఫరవాలేదు. రాగం నెమ్మదిగా విచ్చుకుంటోందా, మొదటి అర నిమిషంలోనే పైషడ్జానికి ఎగబాకి మళ్లీ చెప్పడానికి ఏమీ లేక తిరుగుతోందా అన్నది ఎవరికైనా తెలుస్తుంది.

స్వరకల్పనలో ఇంటిదగ్గర తయారు చేసుకొచ్చినదీ అక్కడ పుట్టినదీ వేరు చేయడం నేర్చుకోండి. తయారుచేసినది నున్నగా ఉంటుంది. లెక్క సరిపోతుంది, ముగింపు అదురుతుంది, జనం చప్పట్లు కొడతారు. కానీ పిల్ల వయొలిన్ వైపు ఒక్కసారీ చూసి ఉండదు. అక్కడ పుట్టినదానిలో చిన్న సందేహం ఉంటుంది, ఒక తప్పు అడుగు, దాన్ని సర్దుకోవడం, వయొలిన్ అబ్బాయి వేసిన ఒక జంట స్వరం నచ్చి దాన్నే తన తర్వాతి వరసలో అందుకోవడం. నేనైతే రెండోదానికే ఓటేస్తాను. తయారీ తప్పని నేననను, పద్నాలుగేళ్లకు అది అవసరమైన మెట్టు. ఇరవై దాటాక కూడా అదే మెట్టు మీద ఉంటే మాత్రం ఆలోచించాలి.

మరిచిపోయినప్పుడు

ప్రతి పోటీలో ఒకరైనా చరణం మధ్యలో ఆగిపోతారు. ఆ నిశ్శబ్దంలో మీకు ఆ పాదం తెలిసినా అందించకండి. అందిస్తే నిబంధనల ప్రకారం పిల్లకే నష్టం కావచ్చు. తల దించుకోకండి, సెల్‌ఫోన్ తీయకండి, ‘అయ్యో’ అనకండి. ముఖం ప్రశాంతంగా పెట్టుకుని ఒళ్లో తాళం ఆపకుండా వేస్తూ ఉండండి. ఒకసారి ఒక కుర్రాడు అలా ఆగి, తాళం వదలకుండా ఒక ఆవర్తం (తాళం ఒక చుట్టు) ఖాళీగా పోనిచ్చి, అనుపల్లవి అందుకుని, ఆ ఊపులో చరణం గుర్తు తెచ్చుకున్నాడు. పాట ఆగినా తాళం ఆగలేదు. అది నేర్పితే వచ్చేది కాదనుకున్నాను, తర్వాత తెలిసింది, వాళ్ల గురువుగారు క్లాసులో కావాలని మధ్యలో ఆపి అలాగే అందుకోమనేవారట.

మిగతా మర్యాదలు మీకు తెలిసినవే. లోపలికైనా బయటికైనా ఇద్దరి మధ్య విరామంలోనే వెళ్లండి. అనుమతి లేకుండా పిల్లల్ని రికార్డు చేయకండి. చప్పట్లు పాట పూర్తయ్యాక, అందరికీ ఒకే రకంగా కొట్టండి.

పుస్తకంలో ఏం రాయాలి

మార్కులు వేయకండి. ఒక్కో నంబరు ఎదురుగా ఒకే ఒక్క విషయం రాయండి, ఆ పిల్ల పాటలో మాత్రమే ఉన్నది. ‘బాగా పాడింది’ పనికిరాదు. ‘7: రెండో కాలంలో ప్రతి స్వరం వినబడింది.’ ‘9: సుఖమా అన్నది నిజంగా అడిగినట్టుంది.’ ‘15: మంద్రంలో గొంతు బాగుంది, పైకి వెళ్లడానికి భయం.’ ఇంతే. ఫలితాలకు ముందే రాసెయ్యాలి. విజేత పేరు విన్నాక మన జ్ఞాపకం దానికి తగ్గట్టు మారిపోతుంది.

ఒకే కృతిని ఐదారుగురు పాడితే విసుగు పడొద్దు, అంతకన్నా మంచి అవకాశం లేదు. అదే సంగతి ఒక్కో గొంతులో ఎలా మారుతోందో వరసగా వినబడుతుంది. ఎనిమిది తొమ్మిది నంబర్ల తర్వాత చెవి అలసిపోవడం సహజం. విరామంలో బయటికి వెళ్లి కాఫీ తాగి, ఎవరితోనూ సంగీతం గురించి మాట్లాడకుండా తిరిగి రండి.

ఫలితాలు వచ్చాక

మీ అభిప్రాయమూ న్యాయనిర్ణేతలదీ కలవకపోవచ్చు. వాళ్ల ముందు వయసు, ఇచ్చిన సమయం, అడిగిన అంశాలన్నీ పూర్తయ్యాయా లేదా అన్న లెక్క ఉంటుంది. మీకు నచ్చిన పిల్ల గంట మోగాక కూడా పాడుతూ ఉండి ఉండొచ్చు. అక్కడ వాదన పెట్టుకోకండి.

పిల్లతో మాట్లాడాలనిపిస్తే, పెద్దవాళ్ల అనుమతితో, మాట మాత్రం నేరుగా పిల్లకే చెప్పండి. పుస్తకంలో రాసుకున్న ఆ ఒక్క విషయం చెబితే చాలు. ‘అమ్మా, నువ్వు కిందికి దిగినప్పుడు గొంతు ఎంత హాయిగా ఉందో’ అంటే ఆ పిల్ల ఆ రాత్రి ఇంటికెళ్లి మంద్రస్థాయి సాధన చేస్తుంది. ‘ప్రైజు నీకే రావాల్సింది’ అని మాత్రం అనొద్దు. పిల్లలు ఆ మాటను ఏళ్ల తరబడి మోస్తారు, గెలిచిన తోటి పిల్ల మీద, న్యాయనిర్ణేతల మీద కోపంగా మారుతుంది.

తర్వాత ఆ పిల్లల్ని పోటీ బయట వినండి. పుష్య బహుళ పంచమినాడు త్యాగరాజ ఆరాధనలో పంచరత్నాల (ఆయన ఐదు కృతుల) గోష్ఠిలో వెనక వరుసల్లో వాళ్లే ఉంటారు. శ్రీరామనవమి పందిళ్లలో, దసరా కచేరీల్లో మొదటి గంట వాళ్లదే. డిసెంబరులో చెన్నై వెళ్లేవాళ్లు సాయంత్రం పెద్ద కచేరీకి టిక్కెట్టు దొరకలేదని దిగులు పడకుండా, మధ్యాహ్నం యువ కళాకారుల కచేరీలకు వెళ్లండి. అక్కడా హాలు ఖాళీగానే ఉంటుంది.

ఆ పన్నెండో నంబరు పిల్లకు ఆ రోజు బహుమతి రాలేదు. నా పుస్తకంలో ఆమె ఎదురుగా ‘శ్రుతి లేకుండా నిమిషం, పంచమం కదల్లేదు’ అని ఉంది. ఆ మాటే మెట్ల దగ్గర ఆపి చెప్పాను. ‘ఆగిపోయిందని తెలుసండీ, లోపల వినబడుతూనే ఉంది’ అంది. నాలుగేళ్ల తర్వాత ఒక నవమి పందిట్లో కనిపించింది, కచేరీ చేస్తోంది. వెనక ఒక చిన్నపిల్ల నిజం తంబూరా మీటుతోంది, ఈమె మధ్యమధ్యలో వెనక్కి తిరిగి ఆ పిల్ల వేళ్లు సరిచేస్తోంది.